ఆఖరు తూమాయన వచ్చేదాకా చాయ్ పోయొద్దు

కిందటి నెల నిజామాబాద్‌లో సివిల్స్‌కు చదువుతున్న పిల్లలు కొందరు నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నారు. విదేశాంగ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి సొంత జిల్లాకు తిరిగొచ్చినదాన్ని కదా, గూఢచారుల కథలు, దేశాధినేతలతో విందుల ముచ్చట్లు చెబుతానని ఆశపడ్డారు పాపం. అరగంట విన్నాక ముందు వరసలో కూర్చున్న, ఏర్గట్ల ఊరి నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఇక ఆగలేక లేచింది.

"మేడం, ఏమనుకోవద్దు. గన్నేండ్లు మీరు గక్కడ అసలు ఏం పని చేసిండ్రు?"

"కుర్చీలు వేయించానమ్మా," అన్నాను.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అది అబద్ధం కాదు. ఆ రోజు నిలబడి పూర్తిగా చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి రావాలనుకునే వాళ్లు చదువుకోండి. నా ప్రమోషన్ల గురించి ఇందులో ఒక్క ముక్క కూడా ఉండదు, భయపడకండి.

కుర్చీల సంగతి

బీద దేశాలు బాగుపడడానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి, అప్పులు ఏ షరతుల మీద ఇవ్వాలి అని ప్రపంచ దేశాలన్నీ అప్పుడప్పుడు ఒక పెద్ద సదస్సు పెట్టుకుంటాయి. టీవీలో మీరు చూసేది ఆ సదస్సునే. జెండాలు, ఫొటోలు, కరచాలనాలు. మీరు చూడనిది ఇంకొకటి ఉంది. సదస్సుకు ఏడాది ముందు నుంచే, అసలు ఆ చర్చ ఎట్లా జరగాలి అని ఇంకో చర్చ జరుగుతుంది. ఏ ఊళ్లో కూర్చోవాలి, ఎవరు అధ్యక్షత వహించాలి, ముసాయిదా ఎవరు రాయాలి, ఎన్ని గదులు, ఎన్ని పూటలు, ముందు ఎవరు మాట్లాడాలి. దీన్ని మా భాషలో 'ఏర్పాట్లు' అంటాం. పెళ్లివారి మాటలా ఉంటుంది గానీ, పెళ్లికంటే ఎక్కువ గొడవ దీనిమీదే.

న్యూయార్క్‌లో నేను చేసింది ఈ పనే. అభివృద్ధి చెందుతున్న దేశాలకు అక్కడ ఒక కూటమి ఉంది. వందకు పైగా దేశాలు. మనలాంటి పెద్దవి ఉన్నాయి, మ్యాప్‌లో వేలు పెడితే కనపడకుండా పోయే ద్వీపాలూ ఉన్నాయి. అందరి తరఫునా ఒకే గొంతుతో బేరం చేయాలి. ఆ గొంతు కుదరడానికి మాలో మేమే ముందు వాదించుకోవాలి. వంద మంది తోడికోడళ్లున్న ఇంట్లో పొద్దున ఏం వండాలో తేల్చుకున్నట్టు ఉండేది.

మొదట్లో నాకు ఈ ఏర్పాట్ల పనంటే చిన్నచూపు. కుర్చీలు, గదులు గుమాస్తాల పని అనుకునేదాన్ని. నా దృష్టంతా ముసాయిదాలోని మాటల మీద. ఒక మంచి వాక్యం పట్టుకొస్తే ఆ రోజు గాల్లో నడిచేదాన్ని.

ఆ పొగరే నా చేత తప్పు చేయించింది.

నాలుగు నిమిషాల తప్పు

పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న ద్వీప దేశం. దాని తరఫున వచ్చే మనిషి పేరు తోమాసి. వాళ్ల ఆఫీసులో ఆర్థిక వ్యవహారాలకు ఆయన ఒక్కడే. చేపల వేటకూ ఆయనే, వాతావరణానికీ ఆయనే. మెడలో మూడు బ్యాడ్జీలు, చంకలో మూడు ఫైళ్లు. భారీ మనిషి, పెద్ద నవ్వు. లిఫ్ట్ కోసం ఆగే తీరిక లేక మెట్లమీద ఉరికేవాడు.

ఆయన అడిగేది ఒక్కటే పేరా. తుపాను వచ్చి దేశం ధ్వంసమైన ఏడాది అప్పు కిస్తీ ఆపాలి. అంతే. రెండు వాక్యాలు. మా కూటమి ముసాయిదాలో అది ఉంది.

అప్పుడు ధనిక దేశాల వాళ్లు ఒక మాట తెచ్చారు. సమయం తక్కువగా ఉంది, మూడు గదుల్లో ఒకేసారి కూర్చుందాం, పని తొందరగా తెములుతుంది అని. మా కూటమి తరఫున ఆ బేరం నా చేతిలో ఉంది. ప్రతిఫలంగా పీఠికలో నేను పట్టుబట్టిన ఒక విశేషణం ఒప్పుకుంటామన్నారు. నేను ఎగిరి గంతేసి సరేనన్నాను. మాకేం, మా దేశం నుంచి ఎనిమిది మందిమి ఉన్నాం. మూడు గదులేమిటి, ఆరు గదులైనా సరిపోతాం. ఒక్కడే ఉన్నవాడి సంగతి నాకు తట్టనే లేదు.

తోమాసి పేరా రెండో గదిలోకి వచ్చినప్పుడు ఆయన మూడో గదిలో ఉన్నాడు. "దీన్ని సమర్థించే వాళ్లెవరైనా ఉన్నారా?" అని అధ్యక్షుడు అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. నాలుగు నిమిషాల్లో పేరా కొట్టేశారు. ఆ గదిలో నేనున్నాను. చెయ్యి ఎత్తలేదు. అది నాకు అప్పగించిన పేరా కాదు, పైగా నా చూపంతా తర్వాత రాబోయే మా పేరా మీద ఉంది.

తోమాసి రొప్పుతూ లోపలికి వచ్చేసరికి అయిపోయింది. సగం తిన్న శాండ్‌విచ్ చేతిలో అట్లాగే ఉంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "పద్మా, నువ్వు ఏ గదిలో ఉన్నావు?" అని మాత్రం అడిగాడు. "ఇక్కడే," అన్నాను. ఆయన తల ఊపి, శాండ్‌విచ్ కాగితంలో చుట్టుకుని, మళ్లీ మూడో గదికి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది వాళ్లకు తుపాను వచ్చింది. కిస్తీ ఆగలేదు. వాళ్ల ఊరి ఆసుపత్రి చాలా కాలం టార్పాలిన్ కిందే నడిచిందని ఆయనే చెప్పాడు, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు. నాకు సిగ్గేసింది. ఆ విశేషణం ఏమిటో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు.

లష్కర్ గారి మీటింగు

ఇక మా బాపు సంగతి చెప్పాలి. బాపు వర్ని దగ్గర నిజాంసాగర్ కాలువ మీద లష్కర్. అంటే తూములు తెరిచి మూసే మనిషి. నీటిపారుదల శాఖలో అంతకంటే కింద ఇంకో ఉద్యోగం లేదు. రిటైరయినా ఆయన్ని వదిలిపెట్టలేదు జనం. యాసంగికి, అంటే రబీ పంటకు, నీళ్ల వంతులు తేల్చే మీటింగు పెడితే బాపు ఉండాల్సిందే. నేను బోధన్‌లో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను, తర్వాత ఢిల్లీ, ఆ తర్వాత దేశదేశాలు. అందుకే ఆ మీటింగు ఒక్కటీ చూడలేదు.

ఆ తప్పు చేసిన సంవత్సరం సెలవు మీద వచ్చి, మనసాగక బాపుకు అంతా చెప్పాను. ఆయన బీడీ ఆర్పి అన్నాడు:

"మూడు తూములు ఒక్కపారే ఇడిస్తే ఆఖరు మడికి నీళ్లెట్ల పోతయ్ బిడ్డా? గిది తెల్వనీకి న్యూయార్క్ దాకా పోవాల్నా?"

"తప్పయింది బాపు."

"తప్పు సరే. మరి మీరు మీటింగు పెట్టేటప్పుడు ఆఖరాయన వచ్చేదాకా ఆగరా?"

"టైముకు మొదలు పెడ్తరు. ఆగరు."

బాపు నా వైపు జాలిగా చూశాడు. "రేపు నాతోని రా," అన్నాడు.

మర్నాడు మీటింగు కాలువ గట్టుమీద రేకుల షెడ్డు కింద. మొదటి తూము దగ్గర పొలాలున్న వెంకట్రావు గారు వచ్చారు. వాళ్లది క్యాంపు, అంటే వలస రైతుల ఊరు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, మంచి మనిషి, మాట ఇంకా అటు యాసే. నడిమి తూముల వాళ్లు వచ్చారు. ఇంజనీరు గారూ వచ్చారు. చాయ్ పొయ్యిమీద తెర్లుతోంది, యాలకుల వాసన షెడ్డంతా నిండింది. ఒక్కరికీ పోయలేదు.

"మొదలు పెడదామా?" అన్నారు ఇంజనీరు గారు వాచీ చూసుకుంటూ.

"చాయ్ ఇంక మరగలే సార్," అన్నాడు బాపు.

పావుగంట పోయింది. చాయ్ నల్లబడుతోంది. ఇంజనీరు గారు గిన్నె వైపు చూశారు, బాపు వైపు చూశారు.

"ఇంకా మరగలేదా?"

"ఆఖరు తూము సాయిలు రాలే సార్. ఆయన వచ్చినంక మరుగుతది."

అందరూ నవ్వారు. ఇది పాత వాడుకే అని నాకు అప్పుడర్థమైంది. కాసేపటికి వెంకట్రావు గారు తువ్వాలు దులుపుకుని లేచారు. "ఈ లష్కరు గారితో పడలేం. నేనే వెళ్లి సాయిలును ఎక్కించుకొస్తానండీ, నాకు టీ లేకపోతే తలనొప్పి," అని బండి తీశారు. ముప్పావు గంట తర్వాత ఇద్దరూ ఒకే బండిమీద వచ్చారు. వెనక కూర్చున్న సాయిలు ఏదో చెబుతున్నాడు, వెంకట్రావు గారు తల తిప్పి వింటున్నారు. ఇద్దరి మొహాల మీదా దుమ్ము. అప్పుడు బాపు సైగ చేశాడు, చాయ్ పోశారు. సాయిలుకు మొదటి కప్పు, మొదటి మాట. వెంకట్రావు గారికి చివరి మాట. ఆ యాసంగికి మొదటి తూము రెండు రోజులు మూసుకోవడానికి వెంకట్రావు గారు పెద్దగా గొణగకుండానే ఒప్పుకున్నారు.

ఇంటికి వస్తూ అడిగాను. "సాయిలుకు ముందుగాలనే కబురు పంపొచ్చు కద బాపు?"

"పంపొచ్చు. పంపితే ఏమయితది? సాయిలు నా మనిషి అయితడు. గదే ఎంకట్రావు పోతే, పోయేటప్పుడు ఎండిన కాల్వ ఎంబడి పోతడు, వచ్చేటప్పుడు ఎండిన కాల్వ ఎంబడి వస్తడు. ఎనుక కూసున్నోడు ఊకుంటడా? నేను మీటింగుల గంట సేపు జెప్పేది బండి మీదనే అయిపోతది."

నాకు శిక్షణ ఇచ్చిన సంస్థలు చాలా ఉన్నాయి. ఆ షెడ్డు ముందు అవేవీ పనికిరావు. ఈ మాట కోపంతో అనడం లేదు, సంతోషంగానే అంటున్నాను.

మొదటి తూము మనదే

చాలా ఏళ్ల తర్వాత, రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, మళ్లీ న్యూయార్క్ పంపారు. మళ్లీ సదస్సు, మళ్లీ ఏర్పాట్లు. తోమాసి ఇంకా ఉన్నాడు, జుట్టు నెరిసింది. ఈసారి మోకాలు నొప్పి, మెట్లమీద ఉరకలేడు. ఆయన చంకలో అదే పేరా ఉంది.

ఎదుటి పక్షానికి హెన్రిక్ అనే ఆయన పెద్ద. పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు, గడియారంలా పనిచేస్తాడు. మొదటి రోజే అన్నాడు: "సమయం తక్కువ. మూడు గదులు ఒకేసారి."

ఈసారి నేను ఎగిరి గంతేయలేదు. మా కూటమిని పొద్దున్నే కూర్చోబెట్టి ఒక ఆలోచన చెప్పాను. మన పెద్ద దేశాల వాళ్లం కూడా తోమాసి లాగే వద్దాం. ఒక్కో దేశానికి బల్లమీద ఒక్క పేరు బోర్డు, దాని వెనక ఒక్క మనిషి. మిగతా వాళ్లంతా అదే గదిలో వెనక కుర్చీల్లో. రెండో గదికి, మూడో గదికి మన వాళ్లు ఎవరూ పోవద్దు.

చిన్న దేశాల వాళ్లు బల్లలు చరిచారు. కష్టం వచ్చింది పెద్ద దేశాల దగ్గరే. అందరికంటే ఎక్కువ మా రాయబారి మెహ్రా సార్ దగ్గర. ఆయన తెలివైన బాస్. తెలివైన బాస్‌ను ఒప్పించడమే కష్టం, ఎందుకంటే ఆయన అడిగే ప్రశ్నలు సరైనవి.

"మూడు గదులైతే మనకు లాభం కదా పద్మా? మనకు ఎనిమిది మంది ఉన్నారు. మన లాభం మనమే ఎందుకు వదులుకోవాలి?"

"మొదటి తూము మనది సార్, అందుకే," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. కాలువ, సాయిలు, వెంకట్రావు గారు, చాయ్ అంతా చెప్పాను. చండీగఢ్‌లో పెరిగిన మనిషి, వాళ్ల తాతది పంజాబ్‌లో కాలువ కింద వ్యవసాయమట. చివరి పొలం వాళ్ల కోపం ఎలా ఉంటుందో ఆయన చిన్నప్పుడే చూశాడట. పెన్నుకు మూత పెట్టాడు.

"సరే. ఢిల్లీకి నేను చెప్పుకుంటాను. కానీ ఇది చెడితే ఆ చాయ్ గిన్నె నీ నెత్తిమీద పోస్తాను."

సోమవారం పది గంటలకు మూడు గదులూ తెరిచారు. వందకు పైగా దేశాలు మొదటి గదిలో కిక్కిరిసి కూర్చున్నాయి. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. రెండో గదిలో, మూడో గదిలో ధనిక దేశాల వాళ్లు చక్కగా ఫైళ్లు తెరుచుకుని ఖాళీ కుర్చీలకు ఎదురుగా కూర్చున్నారు. వాదించడానికి ఎదుట మనిషి ఉండాలి కదా. రెండో గది అధ్యక్షురాలు నలభై నిమిషాలు ఓపిక పట్టి, తన నీళ్ల గ్లాసు తనే పట్టుకుని మా గదికి వచ్చింది.

"ఇక్కడ నాకు ఒక కుర్చీ దొరుకుతుందా?" అంది.

ఆ గదిలో లేచిన నవ్వు నా ఉద్యోగం మొత్తంలో మళ్లీ వినలేదు. భోజనం వేళకు హెన్రిక్ వచ్చాడు. "ఇట్లా ఎన్ని రోజులు?" అని అడిగాడు. "ఒక గది చాలని మీకు అనిపించేదాకా," అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, అది ఆయన గొప్పతనం. మర్నాడు ఏర్పాట్ల కాగితంలో ఒక వాక్యం చేరింది: ఏ సమావేశమూ ఇంకొక సమావేశంతో ఒకేసారి జరగకూడదు.

పిల్లలూ, నా ముప్పై ఏళ్లలో నేను గర్వంగా చూపించే వాక్యం ఇదొక్కటే. అందులో విశేషణం లేదు.

ఆఖరు రోజు

అయినా తిప్పలు తీరలేదు. మా సమావేశాలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి, సరే. అదే భవనంలో చేపల వేట కమిటీ కూడా ఉంది, అది మా ఏర్పాట్ల కిందికి రాదు. తోమాసి పేరా చర్చకు వచ్చే రోజు పొద్దున ఆయన అక్కడ ఇరుక్కుపోయాడు. పై అంతస్తులో, కారిడార్ ఆ చివర.

పది గంటలు. గది నిండింది. అధ్యక్షుడు మైకు సరిచేసుకుంటున్నాడు. నా ముందు బల్లమీద స్టీలు ఫ్లాస్కు ఉంది. ఆ వారమంతా నేను పొద్దున చాయ్ కాచి తెస్తూ వచ్చాను, బోధన్ నుంచి తెచ్చుకున్న బెల్లం వేసి. అందరూ దాని రుచి మరిగారు. హెన్రిక్ మరీను. సాయిలు కథ కూడా ఆయనకు ఒకరోజు చెప్పి ఉన్నాను.

ఫ్లాస్కు మూత తీయలేదు. అధ్యక్షుడు గట్టిగా మొదలు పెడితే ఆపే హక్కు నాకు లేదు. పేరా నేను కూడా చదవగలను. ఈసారి చెయ్యి ఎత్తేదాన్నే, అందులో అనుమానం లేదు. కానీ తుపాను చూసిన గొంతు వేరు, నా గొంతు వేరు.

హెన్రిక్ కప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఫ్లాస్కు చూశాడు. తోమాసి ఖాళీ కుర్చీ చూశాడు.

"ఇంకా మరగలేదా?" అన్నాడు.

"ఇంకా లేదు."

కప్పు బల్లమీద పెట్టి, అధ్యక్షుడి చెవిలో ఏదో చెప్పి, పొడుగాటి కాళ్లతో బయటికి నడిచాడు.

పద్దెనిమిది నిమిషాలు. నేను లెక్కపెట్టాను. తలుపు తెరుచుకుంది. ముందు హెన్రిక్, చంకలో తోమాసి ఫైళ్లు మూడూ. పక్కన తోమాసి కుంటుతూ, ఆ పెద్ద చేతులు గాల్లో తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, పైకప్పు ఎట్లా లేచిపోయిందో చూపిస్తున్నట్టు. హెన్రిక్ తల వంచి వింటున్నాడు.

తోమాసి తన రెండు వాక్యాలు చదివాడు. ఆసుపత్రి టార్పాలిన్ గురించి ఒక నిమిషం చెప్పాడు. "అభ్యంతరం ఉందా?" అని అధ్యక్షుడు అడిగాడు. అందరూ హెన్రిక్ వైపు చూశారు. ఆయన నోట్సు తిప్పాడు, మూశాడు, "లేదు," అన్నాడు.

ఒక్క పేరాతో ప్రపంచం మారదు. ఆ ఒక్క పేరా కోసం ఒక మనిషి జుట్టు నెరిసేదాకా మెట్లెక్కాడు. నేను అక్కడే, అందరి ముందూ, కళ్లు తుడుచుకున్నాను. సిగ్గుపడలేదు.

కారిడార్‌లోకి వచ్చి బాపుకు వీడియో కాల్ చేశాను. అన్నం తిని మంచం మీద కూర్చున్నాడు. ఫోను చెవికి పెట్టుకున్నాడు, నాకు చెవి మాత్రమే కనిపిస్తోంది.

"ఆ తుపానాయన పని అయిందా బిడ్డా?"

"అయింది బాపు. రాసుకున్నరు."

"గది సరే. ఆయనను ఎవరు పోయి తోల్కొచ్చిండ్రు?"

"మొదటి తూమాయనే."

చెవి కదిలింది. ఫోను కిందికి జారింది. ఎనభై దాటిన మా బాపు ముఖం తెర నిండా వచ్చింది, పళ్లులేని నోటితో నవ్వుతోంది.

"గట్లయితే నీళ్లు అందుతయ్. ఇగ చాయ్ పోయ్."